సైకిలు తొక్కు బాలికకు వెనుకచూపు అద్దము

ఆషాఢమాసమున అనంతపురము మెట్టనేలలపై వీచు గాలిని ఎఱుగని యిల్లాలు ఆ జిల్లాలో నుండదు. ఆరవేసిన చీర దండెముపై నిలువదు. చేటలోని పొట్టు చెఱుగకయే లేచిపోవును. నైరృతి ఋతుపవనము తన వానను చాలవఱకు పడమటి కనుమలకే యిచ్చివైచి, గాలిని మాత్రము మనకు మిగుల్చుచున్నది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షముతో సరిపెట్టుకొను సీమలో గాలికి మాత్రము కఱవు లేదు. నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరియున్న రామగిరి కొండలపై గాలిమరలు నిలిపినదియు నందుకే. ఈ గాలికిని సైకిలుకును సంబంధమేమని యడుగుదురా? సైకిలుపై పోవు బాలిక వెనుక వచ్చు లారీని ముందుగా చెవితోనే కనిపెట్టవలయును. ఆ చెవిని గాలి కప్పివేయుచున్నది.

అనంతపురమునుండి కల్యాణదుర్గమువైపు, అనగా పడమరగా, ఎదురుగాలిలో పోవునపుడు హోరు తప్ప మఱేమియు వినబడదు. అదియుగాక, ధ్వని గాలి కెదురు నడచునపుడు పైకి వంగిపోవును. వెనుకనున్న బండి చప్పుడు మన తలమీదుగా పోవునే గాని చెవికి సరిగా నందదు. ఎండకును దుమ్మునకును జడిసి బాలికలు చున్నీని తలకు, ముఖమునకు చుట్టుకొనుచున్నారు. అది మంచిదే, కాని చెవులు మఱింత మూసికొనిపోవును. పైగా నేటి విద్యుత్ స్కూటర్లకు చప్పుడే తక్కువ.

వెనుకకు తిరిగి చూడరాదా యందురేమో. తల కుడివైపు త్రిప్పగానే భుజమును, భుజముతో హ్యాండిలును, దానితో ముందుచక్రమును ఆ వైపునకే జరుగును. మన దేశమున బండ్లు ఎడమ ప్రక్కన నడచును గనుక, మనలను దాటిపోవు బండి వచ్చునదియు కుడివైపుననే. ఏ దిక్కునుండి ప్రమాదము రానున్నదో ఆ దిక్కునకే ఒరిగినట్లగును. ఆఱితేఱినవారు తిన్నగా పోవుచునే చూడగలరు. క్రొత్తగా నేర్చినవారికిని, పుస్తకముల సంచి వీపున మోయు పిల్లలకును అది కష్టము. హెల్మెట్టునకు తగిలించు చిన్న అద్దము ఈ చిక్కును చాలవఱకు తీర్చును.

అద్దముతో వెనుకకు చూచు నుపాయము స్త్రీలకు క్రొత్తది కాదు. 1909లో డొరొతీ లెవిట్ అను ఆంగ్ల వనిత స్త్రీలు మోటారు నడుపుటను గూర్చి గ్రంథము వ్రాసి, అందు చిన్న చేతి అద్దము నొకదానిని బండిలో నుంచుకొని, అప్పుడప్పుడు దాని నెత్తిపట్టి వెనుక వచ్చువారిని చూచుకొనుడని సలహా యిచ్చినది. 1911లో అమెరికాలోని ఇండియనాపోలిస్ పందెమున రే హారౌన్ తన కారునకు అద్దము బిగించుకొని గెలిచెను. లోకము తఱచుగ ఆయననే తలచుకొనుచున్నది. అది వేఱు సంగతి.

ఈ హెల్మెట్టు అద్దము పెద్ద రూపాయి బిళ్ళకంటె కొంచెము పెద్దది. వంగెడి సన్నని కాడతో కుడికన్నునకు ముందుగా, ఒక ప్రక్కగా నిలుచును. ఇంత చిన్న అద్దములో నేమి కనబడునని సందేహింపవలదు. తలుపు సందునకు కన్ను దగ్గఱ చేర్చిన కొలది వీధి యెక్కువగా కనబడును గదా! అద్దమును అంతే. హ్యాండిలునకు బిగించునది గతుకుల బాటలో వణకును. తలతోపాటు నిలుచునది అంతగా వణకదు, తల కొంచెము త్రిప్పిన బాట నంతటిని చూపును. అద్దము సమతలముగా నుండవలయును. ఉబ్బెత్తు అద్దములో లారీ చిన్నదిగా, దూరముగా నున్నట్లు తోచును. సమతలమైన దానిలో దూరపు వస్తువు దూరముననే యున్నట్లు కనబడును గనుక, చత్వారము వచ్చిన సోదరీమణులును దీనిని వాడుకొనవచ్చును.

దీనివలన కలుగు లాభము వ్యవధి. గంటకు 60 కిలోమీటర్ల వేగమున వచ్చు లారీని, 12 కిలోమీటర్ల వేగమున పోవు బాలిక 200 మీటర్ల దూరముననే చూచినచో, అది తన్ను చేరుటకు 15 సెకనులు పట్టును. తిన్నగా సాగవలయునో, వేగము తగ్గించి తారు అంచు దిగవలయునో నిర్ణయించుకొనుటకు అది చాలును. చప్పుడు విని యదరిపడి గులకఱాళ్లలోనికి దిగిన చక్రము జాఱును. వేరుసెనగ కట్టె నింపిన ట్రాక్టరు వచ్చునపుడు మాత్రము దాని ముందుభాగమును చూచి వెడల్పు లెక్కింపరాదు. వెనుక ట్రాలీలోని కట్టె ఇరుప్రక్కల మూరల కొలది పొడుచుకొని యుండును.

కుదుర్చుకొనుట కొకరి సాయము కావలయును. సైకిలుపై కూర్చుండి, వెనుక నొకరిని నిలువబెట్టి, అద్దపు అంచున కుడిచెవి కొద్దిగా మాత్రము కనబడునట్లు కాడను వంచవలయును. మొదట కొన్ని దినములు బడి మైదానములో తొక్కి అలవాటు చేసికొనుట మేలు. చూపు ముందు బాటపైననే యుండి, ఱెప్పపాటు కాలము అద్దమునకు పోయి మరలవలయును. కుడివైపు మలుపు తిరుగుటకు ముందు అద్దమును నమ్మి ఊరకుండరాదు. వేగము తగ్గించి, చేయి చాపి, తల త్రిప్పి ఒక్కసారి స్వయముగా చూడవలసినదే. అద్దమున కందని చోటు కుడిభుజము ప్రక్కనే కలదు. సాయంకాలము తూర్పుగా ఇల్లు చేరు పిల్లలకు క్రుంకు సూర్యుడు అద్దములో మెఱసి కన్ను చెదరగొట్టును. చీకటిలో వెలుగే గాని దూరము తెలియదు. అపుడు సైకిలు వెనుక ఎఱ్ఱదీపమే దిక్కు.

కొనునపుడు పగులు గాజు వలదు, ప్లాస్టికుది చూడుడు; పడినపుడు ఊడిపోవు కాడయే మంచిది. ఇంటిలోని పగిలిన అద్దపు ముక్కను తీగతో కట్టి పిల్ల కంటియెదుట నిలుపుట మహాదోషము. కాడను బిగించుటకు హెల్మెట్టునకు తూట్లు పొడువరాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము సైకిలువారికి హెల్మెట్టును విధింపలేదు గనుక చాల యిండ్లలో అది లేదు. ఉన్నచోట్లను కొప్పుమీద ఎత్తుగా కూర్చున్న హెల్మెట్టు నిరుపయోగము. జడను మెడవెనుకకు దించి, నుదురు కప్పునట్లు పెట్టుకొనవలయును. హెల్మెట్టు కొనజాలనివారు హ్యాండిలు అద్దమునైన బిగించుకొనుడు. అది వణకినను ఏమియు లేకుండుటకంటె నయము.

మన పల్లెలలో చిన్నబడి ఊరనే యున్నను ఉన్నత పాఠశాల పొరుగూర నుండుట సాధారణము. రోడ్డు భయమున తల్లి సైకిలు మాన్పించిన యింట, పిల్ల చదువును ఎనిమిదవ తరగతితో నిలిచిపోవుట కలదు. ఆ భయము వట్టిది కాదు. మేమును దానిని తేలికగా త్రోసివేయము. కాని మాన్పించుటకు ముందు ఒక యాదివారము పిల్ల తలకు ఈ అద్దము పెట్టి, ఊరి బయటి బాటపై తొక్కించి, వెనుక నేమి వచ్చుచున్నదో చెప్పుమని అడిగి చూడుడు. "బడికి పోవుచు అద్దము చూచుకొనుచున్నది" అని వీధిలో నెవరైన నవ్విన నవ్వనిండు. చెల్లెలిని క్యారియరుపై కూర్చుండబెట్టుకొని పోవునది యైనచో ఆమెనుకూడ కూర్చుండబెట్టియే అద్దమును సరిచేయుడు. వెనుకనున్న పిల్ల తల బాటలో కొంత భాగమును కప్పివేయును.