పొలం అమ్మే ముందు...

ఇల్లాలికి ఎవరూ పేరు వినని రక్తపు జబ్బు చేసిందని పట్నం డాక్టరు చెప్పగానే రైతు ముందుగా వెతికేది పట్టాదారు పాసుపుస్తకం. మందు ఇక్కడ లేదు, అమెరికాలో వుందట అన్న మాట చెవిన పడితే చాలు, వున్న రెండెకరాలూ బేరానికి వస్తాయి. భార్య ప్రాణం కంటె పొలం ఎక్కువ కాదనుకునే ఆ భర్తను తప్పు పట్టవలసిన పనిలేదు. కాని పొలం అమ్మిన డబ్బుతో కొనబోయేది ఏమిటో ముందు తెలుసుకోవడం అవసరం.

డాక్టర్లు పి.ఎన్.హెచ్. అని పిలిచే జబ్బునే తీసుకుందాం. ఇది లక్షల మందిలో ఏ ఒకరిద్దరికో వస్తుంది. రక్తం తయారయ్యేది ఎముకల లోపలి మూలుగలో. అక్కడి ఒక మూలకణంలో లోపం ఏర్పడితే, దాని నుంచి పుట్టే ఎర్రకణాలకు వుండవలసిన రక్షణ కవచం వుండదు. క్రిములను చంపవలసిన శరీర రక్షణశక్తే ఆ కణాలను పగలగొడుతుంది. రక్తం తరిగిపోయి నీరసం, ఆయాసం వస్తాయి. కొందరికి తెల్లవారి మూత్రం టీ డికాషన్ రంగులో పోతుంది. కళ్ళు పచ్చబడ్డాయని కామెర్ల పసరు పోయించి ఊరుకోవడం ప్రమాదం. పొట్టలోనో మెదడులోనో రక్తనాళాల్లో గడ్డ కడితే ప్రాణానికే ముప్పు.

ఈ జబ్బు అంటుకునేది కాదు. పుట్టింటి నుంచి తెచ్చుకున్నదీ కాదు, పిల్లలకు పోయేదీ కాదు. కోడలిని ఆడిపోసుకునే అత్తవారు ఈ సంగతి గుర్తించాలి.

ఇక విదేశీ మందు మాట. 2007లో అమెరికాలో ఎక్యులిజుమాబ్ అనే ఇంజెక్షనుకు అనుమతి లభించింది. అది కణాలు పగలకుండా కాపాడుతుంది, గడ్డలు కట్టడాన్నీ బాగా తగ్గిస్తుంది. అయితే జబ్బును మొదలంటా తీసివేయదు. రెండు వారాలకొకసారి చొప్పున వేయించుకుంటూనే వుండాలి. 2010 నాటికే అక్కడ ఏడాది మందు ఖరీదు నాలుగు లక్షల డాలర్లు దాటింది. విమానమెక్కి వెళ్ళి నయం చేయించుకుని వచ్చే వైద్యం కాదిది. రెండెకరాల డబ్బు అయిపోయిన మర్నాడు ఆ ఇంట్లో పొలమూ వుండదు, మందూ వుండదు. విదేశీ వైద్యం ఇప్పిస్తామని తిరిగే దళారులు ఈ మాట మాత్రం చెప్పరు.

స్వదేశంలో దారి లేకపోలేదు. జబ్బు ఇదేనని నిర్ధారించే ఫ్లో సైటోమెట్రీ పరీక్ష హైదరాబాదులోనే వుంది. రక్తం ఎక్కించడం, ఫోలిక్ యాసిడ్ మాత్రలు, అవసరమైన వారికి గడ్డ కట్టకుండా మందులు — వీటికి సముద్రం దాటనక్కరలేదు. జబ్బును పూర్తిగా నయం చేయగలిగింది మూలుగ మార్పిడి. బొంబాయి టాటా ఆస్పత్రిలో 1983లోనూ, వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1986లోనూ ఈ చికిత్స మొదలైంది. తోడబుట్టిన వారిలో ఒక్కొక్కరి మూలుగ సరిపోవడానికి నాలుగింట ఒక వంతు అవకాశం వుంది. ఇచ్చిన వారికి మూలుగ మళ్ళీ వూరుతుంది గనుక అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు భయపడనక్కరలేదు. అయితే మార్పిడిలో రోగి ప్రాణానికి ప్రమాదమూ వుంది. అది ఎవరికి తగునో నిర్ణయించవలసింది రక్తవ్యాధుల నిపుణులే.

విదేశీ మందు తప్పనిసరి అన్నప్పుడు డాక్టరు చీటీతో, కేంద్ర ఔషధ నియంత్రణాధికారి అనుమతితో రోగి సొంత వాడకానికి తెప్పించుకునే వీలు చట్టంలో వుంది. ధరల విషయంలోనూ పరిస్థితి మారుతున్నది. ఎక్యులిజుమాబ్ కు సమానమైన మందును రష్యా 2019లో అనుమతించింది. 2024లో అమెరికాయే అటువంటివి రెండింటిని అనుమతించింది. నోటితో మింగే గొట్టం మాత్ర కూడ 2023లో వచ్చింది. పోటీ వున్నచోట బేరమాడవచ్చు. ఆ బేరం ఒక్కొక్క రైతు ఆడలేడు, ప్రభుత్వమే ఆడాలి.

2021లో కేంద్రం అరుదైన వ్యాధుల విధానాన్ని ప్రకటించింది. 2022లో సాయాన్ని 50 లక్షల రూపాయల వరకు పెంచింది. హైదరాబాదు నిమ్స్ కూడ ఆ పథకం కింది కేంద్రాలలో ఒకటి. అయితే సాయం జాబితాలోని జబ్బులకే. ఏది వుందో ఏది లేదో పల్లెటూరి మనిషికి చెప్పే నాథుడేడి? ఆ జాబితాను, దరఖాస్తు పద్ధతిని తెలుగులో జిల్లా ఆస్పత్రి గోడకు అంటించాలి. రోగిని పంపకుండా రక్త నమూనానే హైదరాబాదు పంపే ఏర్పాటు చేయాలి. ఖరీదైన మందులను ప్రభుత్వమే టోకున కొని నిమ్స్ ద్వారా అందించే విషయం ఆలోచించాలి.

ఇటువంటి రోగులు జిల్లాకు పిడికెడుమందే కావచ్చు. ఊరేగింపు తీయడానికి చాలినంతమంది లేరని వారి మొర వినకపోవడం న్యాయం కాదు.