కేసు కాదు మహాప్రభో, క్లెయిము!

నాలుగేళ్ళ క్రితం సంక్రాంతి. న్యూజెర్సీలో మా ఇంట్లో ఇరవై మందికి భోజనాలు. పొద్దున్నే లేచి వాకిట్లో మంచు తీశాను, ఉప్పు కూడా చల్లాను. కానీ మా గరాజ్ పక్కన చూరునీళ్ళు కిందకి దింపే గొట్టం ఒకటుంది. దాని మూతి నడిచే దారివైపు తిరిగిపోయింది. పగలు కప్పు మీద కరిగిన మంచు అందులోంచి కారి, చీకటి పడ్డాక దారి మీద గాజుపలకలా గడ్డ కడుతుంది. ఆ సంగతి నాకు తెలుసు. "ఎండలొచ్చాక చూద్దాంలే" అని రెండేళ్ళు వాయిదా వేశాను.

రాత్రి అందరూ వెళ్ళేటప్పుడు మా స్నేహితుడి వాళ్ళమ్మగారు సరిగ్గా అక్కడే జారి పడ్డారు. మణికట్టు విరిగింది. ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. అంత నొప్పిలోనూ ఆవిడ "నీ తప్పేముంది నాయనా, నేనే చూసుకోలేదు" అన్నారు. ఆ మాట పట్టుకుని నేను పధ్నాలుగు నెలలు హాయిగా నిద్రపోయాను!

హాయిగా అంటే... పళ్ళు తీసుకెళ్ళాం, మా ఆవిడ పులిహోర కలిపి పట్టుకెళ్ళింది, రోజూ ఫోన్ చేశాం. కానీ "బిల్లు ఎంతయింది?" అని మాత్రం అడగలేదు. ఆవిడ ఇండియా నుంచి ఆర్నెల్లకని వచ్చిన మనిషి. వాళ్ళు తీసుకున్న విజిటర్ ఇన్సూరెన్స్, ఒక్కో చికిత్సకి ఇంత అని గీత గీసి ఇచ్చే రకం. మిగతాదంతా మావాడి నెత్తిన పడింది. వాడూ ఏమీ అనలేదు. మెల్లగా రాకపోకలు తగ్గాయి. పిలిస్తే "ఈ వారాంతం కుదరదురా" అనేవాడు.

ఒకరోజు ఆఫీసులో భోజనాల దగ్గర మాటల్లో ఈ సంగతి చెప్తే, పక్క టీమ్ పెద్దాయన "మీ హోమ్ ఇన్సూరెన్సుకి చెప్పావా?" అన్నాడు. "ఇంటికేం కాలేదండీ, పడింది మనిషి" అన్నాను. ఆయన నావైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది :)

ఇక అసలు విషయానికొస్తాను. అమెరికాలో మామూలు హోమ్ ఓనర్స్ పాలసీలో ఆరు భాగాలుంటాయి. ఏ నుంచి డీ దాకా ఇల్లు, పక్కనున్న షెడ్డులాంటివి, సామాను, ఇల్లు పాడైతే బయట ఉండే ఖర్చు. మనం చదివేది అంతవరకే. చివరి రెండూ వేరే మనుషుల కోసం. ఈ అంటే పర్సనల్ లయబిలిటీ: మన అజాగ్రత్త వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే పరిహారం కట్టేది, కోర్టుకి వెళ్తే మన తరఫున లాయర్ని పెట్టేది. సాధారణంగా లక్ష డాలర్ల దగ్గర మొదలవుతుంది, 3 లక్షలు, 5 లక్షలకి పెంచుకోవచ్చు. ఎఫ్ అంటే మెడికల్ పేమెంట్స్: తప్పెవరిదన్న ప్రశ్న లేకుండా అతిథి వైద్య ఖర్చులిచ్చేది. ఇది చిన్న మొత్తం, 1,000 నుంచి 5,000 డాలర్ల మధ్య ఉండటం మామూలు. మన భాషలో చెప్పాలంటే బ్లేమ్‌లెస్ పోస్ట్‌మార్టమ్ అన్నమాట. అద్దెకున్నవాళ్ళ రెంటర్స్ పాలసీలో కూడా ఈ రెండూ ఉంటాయి.

అయితే మన ఇంట్లోనే ఉండే కుటుంబ సభ్యులు పడితే ఇవి వర్తించవు. ఆర్నెల్లకొచ్చిన మన అమ్మానాన్నలు "ఇంట్లో ఉండేవాళ్ళ" కిందకి వస్తారా రారా అన్నది వాదనకు దిగే వ్యవహారం. కాబట్టి వాళ్ళకి విజిటర్ ఇన్సూరెన్స్ గట్టిది తీసుకోవాల్సిందే.

ఇదంతా విన్నాక మనవాళ్ళు మొదట అనే మాట: "స్నేహితుడి మీద కేసు వేయడమేంటండీ, ఛీ!" ఆ చిరాకు నాకూ అర్థమవుతుంది. కనెక్టికట్‌లో 2015లో కోర్టు విచారణకొచ్చిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఎనిమిదేళ్ళ పిల్లాడు తన పుట్టినరోజున పరిగెత్తుకొచ్చి మీద పడితే, వాళ్ళ ఆంటీ మణికట్టు విరిగింది. ఆవిడ ఆ పిల్లాడి మీద 1,27,000 డాలర్లకి దావా వేసింది. జ్యూరీ అరగంటలోపే కొట్టేసింది. లోకమంతా ఆవిడని తిట్టిపోసింది. కానీ ఆవిడ లాయర్లు చెప్పిందేమిటంటే, అక్కడి చట్టం ప్రకారం ఇన్సూరెన్స్ కంపెనీ మీద నేరుగా దావా వేయడం కుదరదు, మనిషి పేరే పెట్టాలి అని. చాలా రాష్ట్రాల్లో పరిస్థితి ఇదే. పైకి కనిపించేది బంధువు మీద కేసు, లోపలున్నది మాత్రం పాలసీ గొడవ.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. అది కోర్టు దాకా పోయిన కేసు. క్లెయిమ్ అంటే కేసు కాదు. ఫోన్ చేసి జరిగింది చెప్పడం, అంతే. కంపెనీ అడ్జస్టర్ విచారిస్తాడు. బేరం కుదిరితే అక్కడితో సరి.

ఇక "తప్పు" సంగతి. అతిథి పడిన ప్రతిసారీ ఇంటివాడిదే బాధ్యత కాదు. ప్రమాదం ఉందని తెలిసీ చెప్పకపోవడం దగ్గర చిక్కు వస్తుంది. 1968లో కాలిఫోర్నియా సుప్రీం కోర్టు తేల్చిన రోలాండ్ వర్సెస్ క్రిస్టియన్ కేసు ఇలాంటిదే. బాత్రూములో కుళాయి పిడి పగిలి ఉంది. అద్దెకున్నావిడకి తెలుసు, ఇంటి ఓనరుకి కూడా చెప్పింది. వచ్చిన అతిథికి మాత్రం చెప్పలేదు. అతని చేతి నరాలు తెగాయి. అతిథి పట్ల మామూలు జాగ్రత్త తీసుకోవాల్సిందే అంది కోర్టు. చదువుతుంటే నాకు మా గొట్టమే కనిపించింది.

సరే, చివరికి మావాడికి ఫోన్ చేశాను. పాలసీ సంగతి చెప్పి, "క్లెయిమ్ వేద్దాంరా" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నాకు మొదట్నుంచీ తెలుసురా. మా ఏజెంటు చెప్పాడు. నేనడిగితే నీ మీద కోర్టుకెక్కినట్టుంటుంది. నువ్వే అంటావేమోనని చూశాను" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

న్యూజెర్సీ, టెక్సాస్, కాలిఫోర్నియాల్లో ఇలాంటి గాయాలకి దావా గడువు మామూలుగా రెండేళ్ళు. మేం పధ్నాలుగో నెలలో ఉన్నాం. ఆలస్యమెందుకైందని కంపెనీ వాళ్ళు తిప్పితిప్పి అడిగారు. గొట్టం సంగతి దాచకుండా చెప్పాను. మెడికల్ పేమెంట్స్ కింద 5,000 వచ్చాయి. మిగతాది లయబిలిటీ కింద మాట్లాడుకుని, బిల్లులో చాలా భాగం కోర్టు మెట్లెక్కకుండానే తీరింది. ప్రీమియం పెరిగిందా? పెరిగింది. క్లెయిమ్ చరిత్ర ఏడేళ్ళ దాకా రికార్డులో ఉంటుంది కూడా. పెరగనీండి. స్నేహితుడు నా బిల్లు కట్టడం కంటే నేను కట్టడం న్యాయం కదా!

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. దెబ్బ తగిలినవాళ్ళు నోరు తెరిచి అడగలేరు. మన పెంపకం అలాంటిది. కాబట్టి ముందు మాట్లాడాల్సింది ఇంటివాళ్ళే. "తప్పంతా నాదే" అని పరిహారానికి మాటిచ్చేయక్కర్లేదు, అది తేల్చడం కంపెనీ పని. లేని నొప్పి రాయమని కూడా నేను చెప్పట్లేదు. "మా పాలసీ ఉంది, ఇదిగో నంబరు, రేపే ఫోన్ చేస్తాను" అంటే చాలు. పులిహోర ఆ తర్వాత పట్టుకెళ్ళొచ్చు.

ఈ రాత్రికి మీ డిక్లరేషన్ పేజీ తీసి ఈ, ఎఫ్ పక్కన ఏ అంకెలున్నాయో చూడండి. అన్నట్టు, ఆ గొట్టం మూతి తిప్పించడానికి నాకైన ఖర్చు నూటయాభై డాలర్లు.