శ్లేషకు శిక్ష ఏల?

హాస్యములలో శబ్దశ్లేష అధమమనే మాట నేడు విద్యావంతుల నోట తరచుగా వినబడుతున్నది. ఆ శ్లేషను ఇంటి పెద్ద ప్రయోగించినాడా, తిరస్కారము రెట్టింపవుతున్నది. తండ్రి ఒక మాటను విరిచి అందులోనుండి వేరొక అర్థమును లాగుతాడు. పిల్లలు తల పట్టుకొంటారు. నవ్విన తండ్రి ఒక్కడే. అమెరికావారు దీనికి ‘డాడ్ జోక్’ అని పేరు పెట్టినారు. 2019లో మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువు ఆ పేరునకు చోటిచ్చినది. జపానువారు దీనినే ‘ఒయాజి గ్యాగు’ అంటారు; వయసు మళ్ళిన మగవాని పరిహాసమని దాని భావము. రెండు పేర్లలోను ఎగతాళి ఉన్నది. ఆ ఎగతాళిని తెలుగువారు కూడ అరువు తెచ్చుకొని, తమ తండ్రుల చమత్కారములను చవుకబారు సరుకుగా లెక్కించుటయే విచారింపదగిన విషయము.

ఈ తిరస్కారమునకు ఆధారమేమి? మన అలంకారశాస్త్రములో మాత్రము లేదు. తొమ్మిదవ శతాబ్దమునకు చెందిన రుద్రటుడు వక్రోక్తిని రెండు విధములుగా విభజించినాడు. వక్త ఒక అర్థములో పలికిన మాటను ఎదుటివాడు బుద్ధిపూర్వకముగా వేరొక అర్థములో గ్రహించి బదులు చెప్పుట శ్లేషవక్రోక్తి. కంఠధ్వనిచే అర్థము మారుట కాకువక్రోక్తి. నేటి తండ్రి భోజనాల పీట మీద చేయుచున్న పని అక్షరాలా ఈ మొదటిదే. అతనికి రుద్రటుని పేరు తెలియకపోవచ్చును. అతనిని చూచి నవ్వేవారికి మాత్రము తెలిసియుండవలెను. అంతకు పూర్వమే దండి, వక్రోక్తులన్నిటికి శోభను పెంచునది శ్లేష అని చెప్పియున్నాడు.

తెలుగు సాహిత్యమే ఇందుకు గొప్ప సాక్షి. పదునారవ శతాబ్దములో పింగళి సూరన రాఘవపాండవీయము రచించి, ఒకే పద్యములో రామాయణ భారత కథలను రెండింటిని నడిపినాడు. ఎలకూచి బాలసరస్వతి అంతటితో తృప్తి చెందక రాఘవయాదవపాండవీయములో మూడు కథలను పెనవేసినాడు. వీరిని మహాకవులని కొనియాడుతున్నాము, పాఠ్యగ్రంథములలో చేర్చుకొంటున్నాము. అదే విద్యను ఒక నేతగాడు తన ముంగిట ప్రదర్శిస్తే ముఖము చిట్లిస్తున్నాము. కావ్యరచన వేరు, ఇంటి ముచ్చట వేరు అనవచ్చును. నిజమే, పరిమాణములో భేదమున్నది, కాని జాతిలో లేదు. ఒక శబ్దములో రెండు అర్థములను ఏకకాలమున చూడగల చూపు రెండు చోట్లను ఒక్కటే.

శ్లేషను నిందించేవారికి బలమైన ఆయుధమును అందించినవాడు ఆంగ్ల వ్యాసకర్త జోసెఫ్ అడిసన్. 1711లో ‘స్పెక్టేటర్’ పత్రికలో అతడు ఒక పరీక్షను ప్రతిపాదించినాడు: చమత్కారమును మరొక భాషలోనికి మార్చి చూడవలెను, నిలిచినచో అది నిజమైనది, మాయమైనచో అది వట్టి శబ్దక్రీడ. ఈ పరీక్షను అంగీకరించినవారు సూరనను కూడ త్రోసివేయవలసియుండును. ఏలనన రాఘవపాండవీయము హిందీలోనికి గాని, ఆంగ్లములోనికి గాని అదే రూపములో పోజాలదు. అనువాదమునకు లొంగకపోవుట వస్తువులోని లోపము కాదు, అనువాదపు హద్దు. చేద చిన్నదని బావిని తప్పు పట్టరాదు. పైగా, పర భాషలోనికి ఏ మాత్రము తరలిరానిదే ఒక భాషకు అచ్చమైన సొంత ఆస్తి. అడిసన్ పరీక్ష ఆ ఆస్తినే నకిలీ అని ప్రకటించుచున్నది.

ఈ వాదము పండితుల పలుకులతో తేలునది కాదు. మాటలు బ్రతుకుచున్న చోటికి పోయి చూడవలెను. గుజరాతులోని సూరతు నగరమున పర్వత్ పాటియా, దానికి చేరువనున్న లింబాయత్ మొదలైన పేటలలో తెలంగాణ జిల్లాల నుండి మరమగ్గముల పనికై తరలిపోయిన తెలుగు కుటుంబములు, ముఖ్యముగా పద్మశాలీలు, తరాలుగా నివసిస్తున్నారు. ఇంటిలో తెలుగు, కార్ఖానాలో హిందీ, అంగడిలో గుజరాతీ. మూడు భాషలు ఒరుసుకొన్న చోట శ్లేష పుట్టకుండ ఉండునా? అట్టి ఇంట తండ్రి నోట రాదగిన మాటలను పరిశీలింపుడు.

వస్త్రములో నిలువు పోగు పడుగు, అడ్డపు పోగు పేక. ‘పగలంతా పేకతోనే గడుపుతాను, అయినా నన్ను జూదరి అన్నవాడు లేడు’ అని తండ్రి అంటే, ఆ ఒక్క వాక్యములో వృత్తిగౌరవమున్నది, నీతి ఉన్నది, నవ్వు ఉన్నది. గుజరాతీలో ‘ఛే’ అనగా ‘ఉన్నది’. తెలుగులో అది విసుగు. పొరుగువాడు ‘సారుం ఛే’, అనగా బాగున్నది, అన్నప్పుడు, ‘బాగుందంటూనే ఛే అంటాడేమిరా!’ అన్న తండ్రి పొరుగు భాషను పిల్లలకు నేర్పుచున్నాడు. దానికి బెదరవలసిన పని లేదని కూడ నేర్పుచున్నాడు.

అన్నిటికంటె లోతైనది మరొకటి. హిందీలో ‘కల్’ నిన్నయు అగును, రేపును అగును. నిన్న రావలసిన కూలి రేపటికి జరుగుటకు ఆ ఒక్క మాట చాలును. కూలి ఎప్పుడని అడిగినవానికి యజమాని ‘కల్’ అంటాడు. ఇంటికి వచ్చిన తండ్రి, ‘కల అన్నాడు, నిజమే చెప్పినాడు’ అంటాడు. దీనిని చవుకబారు హాస్యమనువారు కూలివాని స్థితిని ఎరుగరు. ఎదురుగా అనలేని ఫిర్యాదును అతడు ఒక అచ్చుతో చెప్పినాడు. ఈ మాటను తెలుగు చేయుచు ‘రేపు’ అని వ్రాసిన అనువాదకుడు అర్థమును తెచ్చి, బాధను సరిహద్దులోనే వదలివచ్చినవాడగును.

సూరతు నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషు మాధ్యమములతో పాటు తెలుగు మాధ్యమములో కూడ ప్రాథమిక పాఠశాలలను నడుపుతూ వచ్చినది. ఇది మెచ్చదగిన విషయము. కాని పాఠశాల పరీక్ష అక్షరములను, వ్యాకరణమును కొలుచును. మాట తన రెండు అర్థములతోను బాలుని మనసులో సజీవముగా ఉన్నదా లేదా అనునది తండ్రి శ్లేష మాత్రమే కొలుచును. ‘అబ్బా, చాలు నాన్నా!’ అని కొడుకు విసుగుకొన్నాడంటే అతనికి అర్థమైనదన్నమాట. ఆ విసుగే ఉత్తీర్ణత. ‘పేక అంటే ఏమిటి?’ అని అడిగిన నాడు తండ్రి దిగులుపడవలెను.

‘శ్లేషతో భాష బ్రతుకునా? భాషను నిలుపునది జీవనాధారము కాదా?’ అని ఆక్షేపింపవచ్చును. శ్లేష భాషను బ్రతికించునని ఇక్కడ ఎవరును అనలేదు. భాష బ్రతికియున్నదో లేదో చెప్పునది మాత్రమే అది. నాడి చూచుట చికిత్స కాదు. అంతమాత్రమున నాడి చూడవద్దని ఏ వైద్యుడును అనడు. అతిథి రూపమును, ఆడువారి మాటను, పేదవాని కులమును ఎగతాళి చేయుటకు శ్లేషను వాడువాడు ఈ సమర్థనకు అర్హుడు కాడు. కాని అది శ్లేష దోషము కాదు, వాని దోషము.

సూరతు ఈ విషయములో తెలుగువారికి ఒక పాఠము చెప్పగలదు. గుజరాతీ హాస్యరచయితలలో అగ్రగణ్యుడైన జ్యోతీంద్ర దవే 1901లో ఆ నగరముననే జన్మించినాడు. ధనసుఖలాల్ మెహతాతో కలిసి సూరతు జీవితమును చిత్రించు ‘అమే బధాం’ నవలను వ్రాసినాడు. అతనికి రణజిత్‌రామ్ సువర్ణ పతకమునిచ్చి గుజరాతీ సమాజము హాస్యమును పీట వేసి కూర్చుండబెట్టినది.

కావున అనువాదకులు శ్లేష ఎదురైనచోట దానిని దాటిపోవు అలవాటు మానవలెను. అదే శబ్దము దొరకకున్న, అదే పని చేయు మరొక శబ్దమును వెదకవలెను. వలస పేటలలోని తండ్రుల మాటలను, సామెతలను సేకరించినంత శ్రద్ధతో సేకరింపవలెను. ఇక పిల్లలు విసుగుకొనుట మానవలెనా? అక్కరలేదు. తల పట్టుకొనవచ్చును, కాని ముందు ఆ మాటను అర్థము చేసికొని పట్టుకొనవలెను.