బెజవాడలో జకారం

మా పెదనాన్నగారు తెలుగు మాస్టారుగా పనిచేసి, వన్ టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్టు దగ్గరి సందులోనే స్థిరపడినవారు. పళ్లన్నీ పోయాక పూర్తి సెట్టు కట్టించుకున్నారు. ముత్యాల వరుసేనని అందరమూ మెచ్చుకున్నాము. ఆయన మాత్రం ఊరి పేరు పలకబోతే జకారం దగ్గర ఈల వస్తున్నదని, పద్యం చదవడమే మానేశారు. పెసరట్టు తినడానికి ఏ ఇబ్బందీ లేదు సుమండీ!

అది చాదస్తమని అప్పట్లో నేనూ అనుకున్నాను. కాదు. బెజవాడలోని 'జ' జిలేబీలోని 'జ' కాదు, దంత్యం. తెల్లవాళ్లు ఈ ఊరి పేరును జెడ్ అక్షరంతో రాసినదీ ఆ ధ్వనినిబట్టే. చల్లపల్లిలోని 'చ'ది కూడా ఈ కోవే. ఈ రెంటికీ ౘ, ౙ అని వేరే అక్షరాలున్నాయి. 2008లో యూనికోడ్‌లోనూ చోటు దక్కింది (కీబోర్డులో వాటిని వెతుక్కోవడం వేరే కథ). నాలుక పైపళ్ల వెనుక ఆని, సన్నని సందులోంచి గాలిని వదిలితేనే ఇవి పలుకుతాయి. ఆ పళ్లు ఉండవలసిన చోట లేకపోతే నాలుక ఏం చేస్తుంది?

పళ్లు పోయాక పైదవడ ముందుభాగపు ఎముక ఏళ్ల తరబడి అరిగి పైకీ, వెనక్కీ పోతుంది. మిగిలిన చిగురుగట్టు మీదే కొత్త పళ్లు నిలబెడితే అవి పాతవాటికన్నా లోపలికి ఉంటాయి. పెదవి కుంగిపోతుంది, 'తాత' 'దాద'కు దగ్గరవుతుంది. అందుకే నేర్పరులు గట్టును నమ్మరు. అంగిట్లో ముందుపళ్ల వెనుక ఉండే చిన్న బుడిపెను ఆనవాలుగా తీసుకుని, దానికి 8 నుంచి 10 మిల్లీమీటర్లు ముందుకు నడిమిపళ్ల ముఖం వచ్చేలా అమరుస్తారు. అదీ తొలి అంచనా మాత్రమే.

తేల్చవలసింది మాట. నా ఫిర్యాదు ఇక్కడే. మైనంలో పళ్లు నిలిపి చూసే దశలో 'ఫిఫ్టీ ఫైవ్', 'సిక్స్టీ సిక్స్' అనిపించడం ఇంగ్లీషు పుస్తకాల పద్ధతి. ఫకారానికి పైపళ్ల అంచు కింది పెదవిని ఎక్కడ తాకుతున్నదో దానితో తెలుస్తుంది, నిజమే. కాని ఇంగ్లీషు టకారానికి నాలుక చిగురుగట్టును తాకుతుంది. మన తకారానికి పంటినే తాకుతుంది. మరి మన పరీక్ష మన మాటల్లో ఉండవద్దా? కాఫీ, తాత, చుక్క, జల్లెడ, బెజవాడ: అరనిమిషం పని. మైనంలో ఉన్నంతవరకూ పంటిని సులువుగా జరపవచ్చు, అక్రిలిక్‌లో బిగిశాక కాదు. ఆ అరనిమిషం కోసం డాక్టరుగారిని అడగడానికి మనమే మొహమాటపడతాము.

ముత్యాల వరుస సంగతీ అంతే. 1950లలోనే అమెరికాలో ఫ్రష్, ఫిషర్ అనే దంతవైద్యులు కట్టుడు పళ్లలో మనిషి వయసూ వ్యక్తిత్వమూ కనిపించాలని వాదించారు. డెబ్బై ఏళ్ల ముఖంలో ఇరవై ఏళ్ల తెల్లని తిన్నని పలువరుస నాకైతే ఎరువు నగలా తోస్తుంది.

రెండో సెట్టుకు పెదనాన్నగారి వెంట నేనూ వెళ్లాను. పెళ్లినాటి ఫొటో తీసుకువెళ్లాము; అందులో ఎడమవైపు పన్ను ఒకటి రవంత పక్కకు తిరిగి ఉంటుంది. మైనపు పళ్లతోనే ఆయన పోతన పద్యం ఎత్తుకున్నారు. మూడో పాదంలో డాక్టరు ఆపి, ముందుపళ్లను కొద్దిగా జరిపి, మళ్లీ మొదటినుంచీ చదవమన్నాడు.