చవక బస



మా నందిపేట నుండి తొలిసారి హైదరాబాదు చూడబోయేవారు గది అద్దె ఒక్కటే చూసి బస నిర్ణయించుకోరాదని నా అభిప్రాయము. పదవీ విరమణ పొందిన యేడు మేమిద్దరమూ చవకయని నగరము చివర గది తీసుకొన్నాము. అద్దెలో మిగిలిన సొమ్ము ఆటోలు మింగినవి. చార్మినారు చేరేసరికి నా శ్రీమతికి మెట్లెక్కే ఓపిక లేదు.

జూబ్లీ బస్ స్టేషను నుండి మహాత్మాగాంధీ బస్ స్టేషనుకు 2020లో మెట్రో వచ్చినది. సాలార్‌జంగ్ మ్యూజియము, చార్మినారు ఆ చివరకు దగ్గరే. కనుక ఆ దారి వెంబడే బస వెదకండి. రైలులో వెళ్ళేవారికి, టికెట్టు ఖాయమైతే, పెద్ద స్టేషన్లలో విశ్రాంతి గదులున్నవి. అద్దెకు ఆటో కిరాయిని, కాళ్ళ సత్తువను కూడి లెక్క చూడండి.

మా ఆవిడ నేటికీ చార్మినారును క్రిందినుండి చూసినదే.