అబద్ధమును పెంచువారెవరు?

నేపర్‌విల్ అను పట్టణము అమెరికాలో షికాగోకు పడమట నున్నది. తెలుగు కుటుంబములు విస్తారముగా గల చోటు. ప్రక్కనే అరోరాలో శ్రీ వేంకటేశ్వరస్వామి ఆలయము 1986 నుండి వెలుగొందుచున్నది. నేపర్‌విల్‌లో మా మేనకోడలి యింట నేను కొన్ని వారములుంటిని. ఒకనాడు భోజనమునకు వచ్చిన గుంటూరు కుర్రవాడు ఫోనులో తల్లితో, “ఆఫీసులో పని చాల ఎక్కువగా నున్నదమ్మా” అనుట నా చెవిని పడినది. వానికి ఉద్యోగము పోయి అప్పటికే నెల దాటినది. హెచ్-1బి వీసాపై నున్నవారికి ఉద్యోగము పోయినచో చట్టము 60 దినములకు మించి గడువీయదు.

“అమ్మతో నిజము చెప్పరాదా నాయనా?” యని యడిగితిని.

“చెల్లెలి సంబంధము నా ఉద్యోగమును చూచియే కుదిరినదండీ. ఇల్లు ఎప్పుడు కొందువని అమ్మ వారమువారము అడుగుచున్నది” అనెను. హరిశ్చంద్రుని కథ చెప్పబోయి ఊరకుంటిని.

ధనాశచే నాడు బొంకు వేరు. రాళ్లు తిరగవేసినచో బంగారము దొరకునని చెప్పి మన తాతలను ఓడ యెక్కించిరన్న మాట మారిషస్ తెలుగు ఇండ్లలో విననివారెవరు? ఆ జాతి దళారులు నేడును కలరు. మిచిగన్‌లో ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయమను పేరుతో, తరగతులు గాని ఉపాధ్యాయులు గాని లేని సంస్థను అమెరికా ప్రభుత్వ శాఖయే వలగా పన్నినది. 2019 జనవరిలో ఆ గుట్టు బయటపడగా, విద్యార్థులను చేర్చి సొమ్ము తీసిన 8 మందిపై నేరారోపణ జరిగెను. సుమారు 130 మంది విద్యార్థులు నిర్బంధింపబడిరి. వారిలో తెలుగు బిడ్డలు పెక్కురు. వారికి అంతయు తెలియునని ప్రభుత్వమును, ఆమోదిత జాబితాలో చూచి నమ్మిరని వకీళ్లును వాదించిరి. దొంగను పట్టుటకై దొర ఆడిన అబద్ధము నాకైతే మ్రింగుడుపడదు. అది యట్లుండనిండు.

గుంటూరు కుర్రవాని బొంకులో లాభము లేదు, భయమే కలదు. ప్రాణము, విత్తము, మానము పోవునప్పుడు బొంకవచ్చునని భాగవతమున శుక్రాచార్యుడు బలికి చెప్పెను. బలి వినలేదు. అయితే బలికి అప్పులు లేవు, పెండ్లి కావలసిన చెల్లెలును లేదు. మంచి వార్త తప్ప మరేదియు వినజాలని యిల్లే బిడ్డకు అబద్ధము నేర్పునని నా అభిప్రాయము. మన దీవిలోను పరదేశమున నున్న పిల్లలను జీతమెంతయని అడుగువారే గాని, రాత్రి నిద్ర పట్టుచున్నదా యని యడుగువారెందరు?

ఆ కుర్రవాడు వెళ్లిన పిమ్మట, “వాళ్లమ్మగారికి నేను ఫోను చేసి చెప్పనా, మామయ్యా?” యని మా మేనకోడలు అడిగినది. వలదంటిని. ఆ మాట సరియో కాదో నేటికిని తేల్చుకొనలేకున్నాను.