పోలీసు మీద ఫిర్యాదు పోలీసుకే ఇవ్వాలా? జిల్లాకొక స్వతంత్ర ఫిర్యాదుల అథారిటీ కావాలి

మన ఊళ్లలో మామూలు మనిషి పోలీస్ స్టేషన్‌కు ఒంటరిగా పోడు. వెంట వార్డు మెంబరో, కులపెద్దో, పరిచయమున్న విలేకరో ఉంటే తప్ప మెట్లెక్కడు. పొలం గట్టు దగ్గర తగాదా వచ్చినా, ఇంట్లో దొంగలు పడినా ముందు ఆరా తీసేది స్టేషన్లో మనకు తెలిసినవాళ్లు ఎవరున్నారని. ఈ భయం పోగొట్టడానికి పోలీసు శాఖ ఏమీ చేయలేదంటే అన్యాయమే అవుతుంది. రిసెప్షన్ కౌంటర్లు పెట్టారు, ఫ్రెండ్లీ పోలీసింగ్ అన్నారు. 2014 అక్టోబరులో హైదరాబాద్‌లో మొదలైన షీ టీమ్స్ నిజంగానే పనికొచ్చాయి. వేధింపులకు గురైన ఆడపిల్ల స్టేషన్ గడప తొక్కకుండా ఫోన్లోనే చెప్పుకునే వీలు దొరికింది. అయితే ఈ ఏర్పాట్లన్నీ పక్కవాడి మీద ఫిర్యాదు చేయడానికి. కొట్టింది ఎస్సై అయితే, కేసు కట్టనిది సీఐ అయితే, సివిల్ తగాదాలో తలదూర్చి సెటిల్‌మెంట్ చేసింది స్టేషనే అయితే ఎవరికి చెప్పుకోవాలి? ఈ ప్రశ్నకు జవాబు దొరకనంతకాలం పోలీసుకూ ప్రజలకూ మధ్య నమ్మకం కుదరదని మేం అంటున్నాం.

ఇప్పుడు జరుగుతున్నది చూడండి. బాధితుడు ధైర్యం చేసి జిల్లా ఎస్పీ ఆఫీసులో గ్రీవెన్స్ రోజున అర్జీ ఇస్తాడు. ఆ అర్జీ మీద ‘విచారించి నివేదిక పంపండి’ అని రాసి డీఎస్పీకి పంపుతారు. అక్కడి నుంచి అది సీఐకి దిగుతుంది. చివరికి బాధితుడికి ఫోన్ వచ్చేది తాను ఎవరి మీద ఫిర్యాదు చేశాడో ఆ స్టేషన్ నుంచే. గొడవ పెద్దదై పేపర్లకెక్కితే ఎస్సైని వీఆర్‌కు, అంటే పోస్టింగ్ లేకుండా పక్కకు, పంపుతారు, కొన్నాళ్లకు ఇంకో మండలంలో పోస్టింగ్ ఇస్తారు. విచారించే అధికారులంతా చెడ్డవాళ్లని కాదు. రేపు బందోబస్తులో తన పక్కన నిలబడాల్సిన మనిషి మీద ఈరోజు నిష్పాక్షికంగా రాయమంటే ఎంత మంచివాడికైనా కష్టమే. లోపం ఏర్పాటులో ఉంది.

దాని ఫలితం ఎలా ఉంటుందో మన చరిత్రే చెబుతుంది. 1978లో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక పేద యువతిపై అత్యాచారం చేశారనీ, రిక్షా తొక్కే ఆమె భర్తను కొట్టి చంపారనీ ఆరోపణ వచ్చి నగరం భగ్గుమంది. కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ప్రభుత్వం నియమించిన జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. అయినా కేసు కర్ణాటకలోని రాయచూరు కోర్టుకు మారాక 1981లో నిందితులు నిర్దోషులుగా బయటికొచ్చారు. ఆ తర్వాత పాతికేళ్లు దాటాయి. 2007 ఆగస్టు 20న విశాఖ మన్యంలోని వాకపల్లిలో కూంబింగ్‌కు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని పదకొండు మంది కోందు ఆదివాసీ మహిళలు చెప్పారు. వాళ్ల కేసు తేలేసరికి 2023 ఏప్రిల్ వచ్చింది. విశాఖ ప్రత్యేక కోర్టు నిందితులను విడుదల చేస్తూనే, దర్యాప్తు సక్రమంగా జరగలేదని తప్పుపట్టి ఆ మహిళలకు పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. ఈ తీర్పు దగ్గర కాస్త ఆగి ఆలోచించమని కోరుతున్నాం. ఆ పోలీసులు నేరం చేసి ఉంటే మహిళలకు న్యాయం జరగలేదు. చేయకపోయి ఉంటే పదిహేనేళ్లకు పైగా ఆ నింద మోసిన పోలీసులకూ న్యాయం జరగలేదు. మొదటి వారంలోనే శాఖతో సంబంధం లేని వాళ్లు వెళ్లి వాంగ్మూలాలూ వైద్య ఆధారాలూ సేకరించి ఉంటే నిజం ఏ పక్షాన ఉన్నా బయటపడేది.

దారి తెలియక ఇలా ఉన్నామా అంటే అదీ కాదు. 2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. కోర్టుకెక్కిన ప్రకాశ్ సింగ్ స్వయంగా పోలీసు అధికారి, ఉత్తరప్రదేశ్‌కు డీజీపీగా చేసినవాడు. ప్రతి రాష్ట్రంలోనూ, ప్రతి జిల్లాలోనూ పోలీసు ఫిర్యాదుల అథారిటీ పెట్టాలని కోర్టు ఆదేశించింది. డీఎస్పీ హోదా వరకు ఉన్నవారి మీద ఫిర్యాదులను జిల్లా అథారిటీ చూస్తుంది. హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి పంపిన పేర్లలోంచి ఎంపికైన రిటైర్డ్ జిల్లా జడ్జి దానికి అధ్యక్షుడు. కస్టడీలో చావు, తీవ్ర గాయం, అత్యాచారంతో పాటు డబ్బు గుంజడం, ఇళ్లూ స్థలాలూ ఆక్రమించడం, అధికార దుర్వినియోగం కూడా దాని పరిధిలోకి వస్తాయి. అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. అది చేసే సిఫారసును ప్రభుత్వం పాటించి తీరాలని కోర్టు అంది. కేరళ తన 2011 పోలీసు చట్టంలోనే రాష్ట్ర, జిల్లా అథారిటీలకు చోటిచ్చింది. మన రెండు రాష్ట్రాల్లో మీ జిల్లా కేంద్రానికి వెళ్లి ఆ ఆఫీసు ఎక్కడుందని ఆటోవాణ్ణి అడిగి చూడండి. లాయర్లలోనే చాలామంది చెప్పలేరు. ఆంధ్ర ప్రాంతపు పోలీసు చట్టానికి 1859 నాటి మద్రాసు చట్టం పునాది, తెలంగాణకు నిజాం కాలపు 1329 ఫసలీ చట్టం పునాది. పై అధికారికి జవాబు చెప్పడమే తప్ప ప్రజలకు జవాబు చెప్పడమన్న ఊహ వాటిలో లేదు. తెల్లదొరలు మన పోలీసు వ్యవస్థకు ఐర్లండ్ పోలీసును నమూనాగా తీసుకున్నారు. ఆ ఐర్లండ్ ఉత్తర భాగంలో 2000 నుంచి పోలీసులతో సంబంధం లేని అంబుడ్స్‌మన్ కార్యాలయం సొంత పరిశోధకులతో ఫిర్యాదులను దర్యాప్తు చేస్తోంది. దశాబ్దాల హింసాకాండ చూసిన గడ్డ మీద అది సాధ్యమైనప్పుడు మన జిల్లాల్లో ఎందుకు కాదు?

ఇలా చేస్తే పోలీసుల మనోస్థైర్యం దెబ్బతింటుందనీ, రౌడీషీటర్లు దొంగ ఫిర్యాదులు గుప్పిస్తారనీ కొందరు అంటారు. ఈ భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయం. కానీ దొంగ ఫిర్యాదును కూడా నమ్మదగ్గ విధంగా కొట్టేయగలిగేది బయటి సంస్థే. సీఐ ఇచ్చిన ‘ఆరోపణలు అవాస్తవం’ అనే నివేదికను ఊరు నమ్మదు, జడ్జి ఇస్తే నమ్ముతుంది. పైగా కానిస్టేబుళ్లకూ ఎస్సైలకూ ఇది రక్షణ. ఎమ్మెల్యే సిఫారసు లేఖతో పోస్టింగ్ తెచ్చుకున్న అధికారి ఆ ఎమ్మెల్యే చెప్పిన కేసు కట్టక తప్పని పరిస్థితి ఈనాడు ఉంది. ఈ పని చేస్తే అథారిటీ ముందు నిలబడాలి సార్ అని చెప్పడానికి అతని దగ్గర ఇప్పుడు ఏ ఆధారమూ లేదు. కోర్టులు, మానవ హక్కుల కమిషన్ ఉన్నాయి కదా అనే మాటకు జవాబు చిన్నదే. కమిషన్ సిఫారసు చేయగలదు గానీ అమలు చేయించలేదు. కోర్టుకు చేరే సాక్ష్యం పోలీసులు సేకరించిందే.

ఇంకో అభ్యంతరం ప్రజల నుంచే వస్తుంది: కఠినంగా ఉంటేనే నేరస్తులు భయపడతారు, పోలీసు చేతులు కట్టేయకండి అని. 2019 డిసెంబరులో చటాన్‌పల్లి దగ్గర దిశ అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురు పోలీసు కాల్పుల్లో చనిపోతే జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆ ఆవేశం వెనక ఉన్న బాధ నిజమైనదే. కానీ సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ అవి చంపాలన్న ఉద్దేశంతోనే జరిపిన కాల్పులని 2022లో తేల్చింది. విచారణ లేకుండా చంపే అధికారం ఒకసారి ఒప్పుకుంటే, రేపు దాన్ని ఎవరి మీద వాడాలో నిర్ణయించేది మనం కాదు. పేదవాడికి, దళితుడికి, ఆదివాసీకి, పాతబస్తీ కుర్రాడికి ఈ సంగతి మనకంటే ముందే తెలుసు. వాళ్లు స్టేషన్‌కు సాక్ష్యం చెప్పడానికి కూడా రారు, సాక్షులు రాకపోతే అసలు నేరస్తులే తప్పించుకుంటారు.

అందువల్ల రెండు రాష్ట్ర ప్రభుత్వాలనూ మేం కోరేది ఇది. ఉత్తర్వులతో సరిపెట్టకుండా శాసనసభలో చట్టం చేసి ప్రతి జిల్లా కేంద్రంలో అథారిటీ తెరవాలి. దానికి పోలీసుల మీద ఆధారపడని సొంత దర్యాప్తు సిబ్బందినీ, విడి బడ్జెట్‌నూ ఇవ్వాలి. స్టేషన్లలో లోపలా బయటా సీసీ కెమెరాలు ఉండాలని, దృశ్యాలను ఏడాదికి తక్కువ కాకుండా దాచాలని 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఫిర్యాదు అందిన రోజే ఆ దృశ్యాలు అథారిటీ చేతికి రావాలి. దాని ఫోన్ నంబరు ప్రతి స్టేషన్ గోడ మీద తెలుగులో, ఉర్దూలో, ఏజెన్సీలో అక్కడి భాషలో రాయాలి.

ప్రభుత్వం కదిలేదాకా ఆగనక్కర్లేదు. పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు ఒకటి రాసి మీ జిల్లా ఎస్పీ కార్యాలయంలో ఇవ్వండి. జిల్లా ఫిర్యాదుల అథారిటీ ఉందా, ఎక్కడుంది, సభ్యులు ఎవరు, నిరుడు ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్నిటి మీద చర్య తీసుకున్నారు, ఏ స్టేషన్లో ఎన్ని కెమెరాలు పనిచేస్తున్నాయి అని అడగండి. ముప్పై రోజుల్లో వాళ్లు జవాబివ్వాలి. వచ్చిన జవాబును గ్రామసభలో చదివి వినిపించి, తీర్మానం చేయించి, మీ ఎమ్మెల్యే చేతికి ఇచ్చి రసీదు తీసుకోండి.